నా నోటి క్రియ

బంగాళాదుంపల తొక్కలు పక్కకి నెట్టి నోర్బెర్ ప్రూఫు కాగితాలకి చోటిచ్చాను. ‘గిన్’ అనే మా లక్సెంబర్గ్ క్రియ మీద నా భర్త రాసిన పుస్తకం అది. ‘ఇవ్వడం’ అనే అర్థమున్న పాత జర్మన్ మాట ‘గెబన్’లోంచి పుట్టి, మా నోళ్లలో నాని, ‘అవడం’ అనే అర్థం కూడా తెచ్చుకున్న క్రియ. నోర్బెర్ ఎట్టెల్‌బ్రుక్‌లో బడిపంతులు. నేను ఉత్తరాన కొండపల్లె దాన్ని. పదకొండేళ్లు నా యాసనంతా చీటీల మీదికెక్కించాడు. టైపు చేసింది నేనే. ఈ ఇంట్లో నన్నెవరైనా శ్రద్ధగా విన్నారంటే ఆ చీటీల కోసమే. అమ్మ పోయిన రోజు ఆస్పత్రి వరండాలో, ఆమె చెయ్యి నా చేతిలోనే చల్లగా అయిపోయిందని ఏడుస్తుంటే, “‘గౌఫ్’ అన్నావు కదూ? ‘అయింది’ని మీవైపు అలా సాగదీస్తారా?” అంటూ పెన్సిల్ తీశాడు. ఆ చీటీ కూడా నేనే టైపు చేశాను.

ముందుమాటలో మా చర్చి ఫాదర్‌కీ ఇద్దరు ప్రొఫెసర్లకీ కృతజ్ఞతలున్నాయి. చివర, “ఓపిగ్గా కాఫీ అందించిన నా భార్యకి” అని ఉంది. పుస్తకం నిండా నా మాటలే కదా అన్నాను.

“నువ్వు మాట్లాడావు, అంతేగా లిలియాన్. మాట్లాడ్డం పరిశోధన కాదు,” అన్నాడు, కోపం లేకుండానే. కిటికీ దగ్గర అల్లుకుంటున్న అత్తగారు, కాఫీకైనా చోటిచ్చాడు, సంతోషించమంది.

పేజీల మధ్య ఒక కవరు దొరికింది. పోర్చుగల్ నుంచి వచ్చిన ఆడవాళ్లకి మా భాష నేర్పుతారా, మొదటి పాఠం ఫలానా గురువారం ఆరింటికి, అని టౌన్‌హాల్ వాళ్లు నాకు రాశారట. తీరిక లేదని నా పేరుతో జవాబు రాసిపెట్టాడు నోర్బెర్. ఇంకా పోస్టు చెయ్యలేదు. ఆ గురువారం ఇవాళే.

“ఇదొక్కటి చూడు,” అన్నాడతను. ‘ఇస్తాను’కీ ‘వెళ్తాను’కీ రెండు పట్టికల్లోనూ ‘ఎష్ గిన్’ అనే ఉంది, పొరపాటా అని అడిగాడట ప్రింటరు. పొరపాటు కాదు, ‘వెళ్లడం’ వేరే క్రియ. ‘నువ్వు’ దగ్గరికొచ్చేసరికి ఒకటి ‘గెస్’, ఒకటి ‘గేస్’ అయి విడిపోతాయి. ‘ఎష్’, అంటే ‘నేను’ దగ్గర మాత్రం రెండూ ఒకటే. తేడా తెలిసేలా ఒక వాక్యం చెప్పమన్నాడు.

చేతులు కడుక్కుని, కవరు జేబులో పెట్టుకుని, కోటు వేసుకున్నాను.

“ఎష్ గిన్,” అన్నాను.

“ఇస్తానా, వెళ్తానా? వాక్యం పూర్తి చెయ్యి.”

“మిగతాది టౌన్‌హాల్లో చెబుతాను. వాళ్లకి.”

వంతెన దాటేదాకా, వెనకనుంచి పేరుపెట్టి పిలుస్తాడేమోనని చెవి అటే ఉంది. పిలవలేదు. ఆరింటికి ఇంకా పది నిమిషాలుంది.