మంగళవారం వస్తానన్న బేరం

నేను ఒక సెలూన్ కుర్చీని. అడుగున ఇనప దిమ్మ, పైకి లేపడానికి పెడలు, వెనక్కి వాలే వీపు, తల ఆనించే దిండు, పైన ఎర్ర రెక్సిను. బెజవాడలో ఒక వెల్డరు చేతిలో పుట్టి, తణుకు బస్టాండు వెనక భాస్కరం గారి షాపులో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. మీసాలు మొలిచిన కొత్తలో నా మీద కూర్చున్నవాళ్ళే బట్టతలతో తిరిగొచ్చి, "పైన కొంచెం ఉంచండి" అనేవారు. ఏముందని ఉంచడం! భాస్కరం గారు మాత్రం నవ్వకుండా "అలాగేనండి" అనేవారు.

మొన్నామధ్య షాపున్న బిల్డింగు కూలగొడుతున్నామన్నారు. బుధవారం పొద్దున్నకల్లా షాపు ఖాళీ చేయాలి. మోకాళ్ళు అరిగిన భాస్కరం గారికి మరో షాపు పెట్టే ఓపిక లేదు, ఆయన ఇంట్లో నేను పట్టను. "పనిచేసే చేతుల్లోకి పోవాలి గానీ, దీన్ని పాత ఇనుము కింద తూకానికి మాత్రం ఇవ్వను" అని భార్యతో అన్నారు. నా ప్రాణం ఆ మాట మీదే వేలాడింది. ఫోటో తీసి, పన్నెండు వేలని రాసి, పాత వస్తువులమ్మే యాప్‌లో పెట్టారు.

ఒకాయన "లాస్ట్ ఎంత?" అని అడిగి, చెప్పగానే మాయమయ్యాడు. ఇంకొకాయన ముందు ఫోటో, వెనక ఫోటో, పెడలు తొక్కే వీడియో తెప్పించుకుని, "డైనింగ్ టేబులుకి సరిపోద్దాండీ?" అన్నాడు. పెళ్ళిచూపులకు కూడా అన్ని ఫోటోలు అడగరు.

శనివారం అత్తిలి నుంచి గిరీష్ అనే అతను ఫోన్ చేశాడు.

"బాబాయ్, మాదీ మన పనే. కొత్త షాపు పెడతన్నాను. మంగళవారం ఎలాగూ మనం కత్తెర ముట్టుకోం కదా, ఆ రోజు బండేసుకుని వచ్చేత్తాను. నీ రేటుకే తీసుకుంటాను, ఎవరికీ ఇవ్వకు."

భాస్కరం గారు కరిగిపోయారు. మంగళవారం సెలవని ఎరిగినవాడు, నోరారా బాబాయ్ అన్నవాడు! అడ్వాన్సు అడగడానికి మొహమాటపడ్డారు. పైగా సొంతవాడికి చెప్పుకున్నట్టు మోకాళ్ళ సంగతీ, బుధవారం గడువు సంగతీ పూసగుచ్చినట్టు చెప్పేశారు. నాకే నోరుంటే గట్టిగా అరిచి ఆపేదాన్ని.

సోమవారం తాడేపల్లిగూడెం నుంచి ప్రశాంతి అనే అమ్మాయి వచ్చింది. ఆమెకు బ్యూటీ పార్లరు ఉంది. నా పెడలు తొక్కి చూసి, దిండు నొక్కి చూసి, బ్యాగులోంచి డబ్బు కూడా తీసింది. "వేరేవాళ్ళకి మాటిచ్చేశానమ్మా" అన్నారు భాస్కరం గారు. ఆ అమ్మాయి ఫోన్ నంబరు ఇచ్చి, నా వైపు ఇంకోసారి చూసి వెళ్ళిపోయింది.

మంగళవారం పదింటికి గిరీష్ "బయల్దేరాను బాబాయ్" అన్నాడు. పన్నెండింటికి టైరు పంచరన్నాడు. ఆ తర్వాత రింగవుతోంది గానీ ఎత్తడం లేదు. షాపులో కరెంటు తీసేశారు. పాత ఇనుము కొనే అప్పారావు వచ్చి ఫ్యాన్లూ అద్దాల ఫ్రేములూ రిక్షాకెక్కించి, గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. భాస్కరం గారు వీధిలోకీ లోపలికీ తిరుగుతున్నారు. నాకు భయం వేసింది.

నాలుగున్నరకు ఫోన్ మోగింది.

"బాబాయ్, ఆరు వేలైతే చెప్పు, ఇప్పుడే వచ్చేత్తాను. రేపు నువ్వెలాగూ ఖాళీ చెయ్యాలిగా."

భాస్కరం గారు గుమ్మంలో ఉన్న అప్పారావు వైపు ఒకసారి చూశారు. "బాబాయ్ అనకుండా బేరమాడుంటే ఆరుకే ఇచ్చేసేవాణ్ణిరా" అని ఫోన్ పెట్టేశారు.

వెంటనే ప్రశాంతికి చేశారు. "అయ్యో, మాటిచ్చేశానన్నారు కదండీ! పొద్దున్నే రాజమండ్రిలో కొత్తది కొనేశాను" అంది ఆ అమ్మాయి.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, నా చేతులూ వీపూ తుడిచారు. ఎవరో కూర్చోబోతున్నట్టే తుడిచారు. తర్వాత, "అప్పారావూ, తూకం వేసుకో" అన్నారు. ఆయన పౌరుషం గొప్పదే, కాదనను. కానీ దానికి ముక్కలయ్యేది నేను! నన్ను రిక్షాకెక్కిస్తుంటే ఆయన ఇటు చూడకుండా షట్టరు దించేసుకున్నారు.

వీధి చివర టీ కొట్టు దగ్గర ఒకతను కేకేసి రిక్షా ఆపాడు. ఆ గొంతు నాకు తెలుసు, ఫోన్లో బాబాయ్ అన్న గొంతే. పొద్దున్నుంచీ అక్కడే కూర్చున్నాడట. భాస్కరం గారు ఎప్పటికి మెత్తబడతారా అని టీలు తాగుతూ ఎదురుచూశాడట. నవ్వుతూ చెప్పాడు అప్పారావుతో. నాలుగు వేలకు బేరం తెగింది.

ఇప్పుడు నేను అత్తిలిలో ఉన్నాను. గిరీష్ నా దిండు మార్చాడు, పెడలుకు నూనె వేశాడు. పనిమంతుడే, అబద్ధమెందుకు, చెయ్యి తేలిక. రోజంతా నా మీద జనమే. నన్ను తన చేతులతోనే కొలిమికి పంపానని అక్కడ భాస్కరం గారు కుమిలిపోతూ ఉంటారు. అది తలుచుకుంటే నాకు బతికానన్న సంతోషం కూడా నిలవదు.

కొత్తవాళ్ళెవరైనా కూర్చుని కుర్చీ బాగుందంటే, గిరీష్ నా వీపు మీద చెయ్యేసి చెబుతాడు.

"మా బాబాయ్ ఇచ్చాడండీ."