రోసెండా నోటిమాట

రోసెండా బకెట్లో నీళ్ళు దోసిళ్ళతో తీసి వాకిట్లో చిలకరిస్తోంది. త్రియానా పేటలో, చుట్టూ గదుల వరుసలున్న ఆ వాకిలి తుడవడం, వీధి తలుపు కాయడం, కుళాయి దగ్గర కొట్లాటలు తీర్చడం ఆమె పని. పొట్టి మనిషి. నడుం ఒక పక్కకు ఒరిగింది. చేతులు సున్నానికి పగిలిపోయాయి. అందుకు బదులుగా తలుపు పక్క చీకటి గదిలో అద్దె లేకుండా ఉండనిస్తారు.

ఇవాళ ఎలాదియా గది ముందు నీళ్ళు చల్లడానికి చేయి రాలేదు. లోపల సామానంతా మూటలు కట్టి ఉంది. ఊరవతల కొత్త ఫ్లాట్లకు తీసుకుపోయే లారీ సందు మొదట్లో ఆగింది. ఈ వాకిట్లోంచి మొదట కదిలేది ఎలాదియాయే. తర్వాత మిగతావాళ్ళ వంతు.

చేసిందంతా రోసెండా నోరే. ఎలాదియా గుమ్మం మీది దూలం పుచ్చిపోయింది, బాగు చేయించండని యజమానిని అడిగి అడిగి విసిగిపోయింది. చలికాలంలో మునిసిపాలిటీ ఇంజనీరు వస్తే చేతులు పైకెత్తి మరీ మొత్తుకుంది.

"ఇల్లంతా మా నెత్తిన కూలేలా ఉంది బాబూ! రాత్రిళ్ళు కన్ను మూస్తే ఒట్టు!"

అక్కడ అందరూ అలాగే మాట్లాడతారు మరి. వేలెడు పగులును బారెడు చేస్తేగాని తాపీమేస్త్రీ గడప తొక్కడు. ఆ ఇంజనీరేమో ఎక్కడో ఉత్తరం నుంచి వచ్చినవాడు, మాటను ఉన్నదున్నట్టు పట్టుకున్నాడు. ఇల్లు మనుషులుండటానికి పనికిరాదని తేల్చారు. స్థలం అమ్ముకోవచ్చని యజమాని సంబరపడ్డాడు.

"ఎవరు చెప్పారో గాని, వాళ్ళ నోరు పడిపోను!" ఎలాదియా మూట బిగిస్తూ తిట్టింది. "ఆ ఏడో అంతస్తులో నేనెవరితో పోట్లాడాలే?"

"గోడలతో," అంది రోసెండా. నవ్వబోయి మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "వదినా... ఒక్క మాట..."

"ఏడవకే పిచ్చిమొహమా, నన్నూ ఏడిపిస్తావు!" ఎలాదియా ఆమె ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "నా దూలం గురించి అడిగిన దిక్కు నువ్వొక్కదానివే గదే."

రోసెండాకు సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది. చెబితే ఈ చేతులు వెనక్కి పోతాయి. వాకిలి దద్దరిల్లేలా అరిచే ఆ మనిషి వంగి మూట ఎత్తుకుని లారీ దాకా మోసింది.

లారీ వెళ్ళిపోయింది. గది ఊడుద్దామని రోసెండా చీపురు పట్టుకుని వచ్చింది. గుమ్మం బయట ఎలాదియా కుంపటి ఉండిపోయింది, ఫ్లాట్లలో బొగ్గు రాజెయ్యనివ్వరట. బూడిద కింద నిప్పు ఇంకా ఆరలేదు. దాని మీద, పళ్ళెం మూసిన చిన్న గిన్నెలో, ఎలాదియా ఎప్పటిలాగే తీసిపెట్టిన రోసెండా వంతు శనగల పులుసు వెచ్చగా ఉంది.