పద్నాలుగో పేరు

పదమూడు పేర్లు రాయడానికి శ్రీరామమూర్తికి పావుగంట పట్టింది. పద్నాలుగో పేరు దగ్గర మూడు రోజులుగా పెన్ను కదలడం లేదు.

తెనాలి దగ్గరి పల్లె నుంచి దోహాకు వచ్చి ఆయనకు పదకొండేళ్ళు. సిమెంటు, ఇనుము అమ్మే కంపెనీలో స్టోర్‌కీపర్. జన్మలో క్రికెట్ బ్యాటు పట్టుకుని ఎరగడు. కానీ గీతలు వంకర పోకుండా, కొట్టివేతలు లేకుండా స్కోరు పుస్తకం రాస్తాడని యజమాని ఆయన్నే కంపెనీ క్రికెట్ జట్టుకు మేనేజర్ని చేశాడు. యజమానికి ఆట మీద వల్లమాలిన మోజు. జట్టులో వాళ్ళంతా కాగితాల మీద హెల్పర్లు, లోడింగ్ వాళ్ళు. అసలు డ్యూటీ మాత్రం ఆటే. జీతం ఇచ్చేదీ అందుకే. వారానికి నాలుగు సాయంత్రాలు ప్రాక్టీసు, శుక్రవారం పొద్దున్నే మ్యాచి.

ఆ యేడు, అంటే తొంభై ఆరులో, కంపెనీ జట్ల పోటీకి కొత్త నియమం పెట్టారు. ప్రతి జట్టూ పద్నాలుగు పేర్లు ముందే ఇవ్వాలి. పద్నాలుగు మందీ ఆ కంపెనీ వీసా మీదే ఉండాలి. బయటివాడు ఎవరైనా జాబితాలోకి వస్తే కంపెనీ అతని వీసాను తన పేరు మీదికి మార్పించుకుంటుంది. జాబితా శనివారం మధ్యాహ్నంలోగా అందాలి.

పద్నాలుగు మందిలో ఆడేది పదకొండు మంది. ముగ్గురు బెంచీ మీద కూర్చుంటారు. అందులోనూ పద్నాలుగోవాడికి బంతి తగలాలంటే ముగ్గురికి ఒకేసారి జ్వరాలు రావాలి. అయినా ఆ బెంచీ మీద కూర్చున్నవాడికి మూడేళ్ళ వీసా. శ్రీరామమూర్తి పెన్ను కదలనిది అందుకే.

ఆ చోటుకు ఇద్దరున్నారు.

ఒకడు దస్తగిరి. కడప దగ్గరివాడు, ముప్ఫై దాటాయి. అల్ రయ్యాన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవరు. రెండేళ్ళుగా శుక్రవారం తెల్లవారగానే గ్రౌండుకు వచ్చి ఈ జట్టు తరఫున బంతులు వేసి, ఆ ఇల్లు నిద్ర లేచేలోగా తిరిగి వెళ్ళిపోయేవాడు. పోయినేడు పంతొమ్మిది వికెట్లు తీశాడు. అతని ఇంటి పెద్దాయన మొన్న రంజాను నెలలో పోయాడు. కొడుకులు వేరుపడుతూ, ఇద్దరు డ్రైవర్లు అక్కర్లేదన్నారు. "నెలాఖరులోగా ఏ కంపెనీ అయినా తీసుకుంటే రిలీజ్ కాగితం రాసిస్తాం. లేదంటే టికెట్ తీసుకుని ఊరికి వెళ్ళు" అన్నారు.

రెండోవాడు విశాల్. కంపెనీలో వీసాల వ్యవహారమంతా చూసే రామచంద్రరావుగారి అబ్బాయి. డిగ్రీ మధ్యలో వదిలేసి విజిట్ వీసా మీద వచ్చాడు. ఆ వీసా నెల్లాళ్ళలో అయిపోతుంది.

రామచంద్రరావుగారు మా అబ్బాయి పేరు వెయ్యమని అడగలేదు. ఆయన అలా అడిగే మనిషి కాదు. స్టోరు గుమ్మంలో నిలబడి, "మూర్తిగారూ, మీ ఆవిడ సుబ్బలక్ష్మమ్మగారి వీసా రెన్యువల్ ఫైలు నా బల్ల మీదే ఉందండీ. స్టోర్‌కీపర్లకి ఫ్యామిలీ వీసా ఎందుకని పైన ఎవరో గొణుగుతున్నార్లెండి. నేనున్నాగా, మీరేం కంగారు పడకండి" అన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "అన్నట్టు, మావాడికి క్రికెట్టంటే ప్రాణం సుమండీ" అన్నారు.

జట్టు కెప్టెన్ అమర్నాథ్‌ది కరీంనగర్. నోటికి అడ్డూ ఆపూ లేనివాడు. గురువారం ప్రాక్టీసు దగ్గర శ్రీరామమూర్తి విశాల్ పేరు ఎత్తగానే నవ్వాడు.

"గా పొరగాడా సార్? మొన్న క్యాచ్‌కు ఉరికిండు. బాల్ ఇటు వడ్డది, ఆడు అటు వడ్డడు. నడుమ నేను ఎవల్ని లేపాల్నో సమజ్ గాలే."

"బెంచీ మీద కూర్చునేవాడికి ఆట ఎంత వస్తే ఏవిటయ్యా?"

"గట్లయితే గోనెసంచి వెట్టుండ్రి సార్. అది టిఫిన్ గూడ అడుగది." అమర్నాథ్ నవ్వు ఆపేశాడు. "దస్తగిరి పేరు రాయుండ్రి సార్. ఆనికి ఆట ఉన్నది, అక్కెర గూడ ఉన్నది."

దస్తగిరి దూరంగా పరుగు గుర్తు పెట్టుకుంటూ ఈ మాటలు విననట్టే ఉన్నాడు. అందరూ వెళ్ళాక దగ్గరికి వచ్చాడు.

"సార్, నన్ను ఆడించకున్నా పర్వాల్యా. నీళ్ళు మోస్తా, కిట్లు మోస్తా. పేరుంటే సాలు సార్."

"చూద్దాం దస్తగిరీ. నా చేతుల్లో ఏవుంది?" అన్నాడు శ్రీరామమూర్తి. అన్నాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు ఆయనకి.

అల్ మన్సూరాలో ఆయన ఉండేది రెండు గదుల ఫ్లాటు. వంటింటి అలమరలో పై అర దేవుడిది. తలుపు మూస్తే గిన్నెల అలమరలాగే ఉంటుంది. తెరిస్తే వేంకటేశ్వరస్వామి. పదకొండేళ్ళలో ఒక్క శనివారం కూడా ఆయన ఆ తలుపు తీయకుండా డ్యూటీకి వెళ్ళలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా గోడ పట్టుకుని వచ్చి దీపం పెట్టాడు.

ఆ శనివారం పొద్దున స్నానం చేసి, నామం పెట్టుకుని, రెండు చీటీలు రాశాడు. ఒకదాని మీద దస్తగిరి, ఇంకొక దాని మీద విశాల్. మడిచి స్వామి పాదాల దగ్గర వెండి గిన్నెలో వేశాడు.

"స్వామీ, నాకు ఇద్దరూ ఒకటే. నువ్వు ఎవరంటే వాళ్ళు" అని దండం పెట్టాడు. భార్యను పిలిచి, "నువ్వు తియ్యి సుబ్బూ. నేను తీస్తే నా చెయ్యి అనుకుంటారు" అన్నాడు.

సుబ్బలక్ష్మి తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని ఒక చీటీ తీసి ఇచ్చింది.

దస్తగిరి.

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. అందులో చదవడానికి ఒక్క పేరే ఉంది. సుబ్బలక్ష్మి ముఖంలో సంతోషం కనిపించింది. "పోన్లెండి, పాపం ఆ అబ్బాయికి..." అనబోయింది.

"నువ్వు తల ముడి వేసుకోలేదు" అన్నాడాయన.

"ఏవిటీ?"

"జుట్టు విరబోసుకుని దేవుడి ముందు చీటీ తీయొచ్చా? అది చెల్లదు."

చీటీ మళ్ళీ మడిచి గిన్నెలో వేశాడు. ఈసారి తనే కళ్ళు మూసుకుని గోవిందా అని తీశాడు.

దస్తగిరి.

వంటింట్లో కుక్కరు కూత వేసింది. శ్రీరామమూర్తి అలమర వైపు చూశాడు. దీపం కాస్త చిన్నదై ఉంది. పూర్తిగా కొండెక్కలేదు గాని, ఎక్కబోతోందని ఎవరైనా అనుకోవచ్చు. "దీపం సరిగ్గా లేదు" అంటూ నూనె పోశాడు, కొత్త వత్తి వేశాడు. చీటీలు కూడా పరిశీలించాడు. ఒకటి లావుగా మడిచినట్టు ఉంది. రెండూ చింపేసి, కొత్త కాగితం మీద కొలిచి కత్తిరించి మళ్ళీ రాశాడు. సుబ్బలక్ష్మి కుక్కరు దింపడం కూడా మరిచిపోయి చూస్తూ నిలబడింది.

మూడోసారి విశాల్ వచ్చాడు.

"ఇదీ స్వామి ఆజ్ఞ" అని కళ్ళకద్దుకున్నాడు శ్రీరామమూర్తి.

"మరి ముందు రెండుసార్లూ ఎవరి ఆజ్ఞండీ?" అంది సుబ్బలక్ష్మి.

"అపచారం జరిగినప్పుడు వచ్చింది లెక్కలోకి రాదు. నీకు తెలియదు."

"నాకు తెలియదు నిజవే. ఆయనకి తెలియదంటారా?"

శ్రీరామమూర్తి అలమర తలుపు వేశాడు. "నీ వీసా ఫైలు ఎవరి బల్ల మీద ఉందో తెలుసా నీకు?" అన్నాడు.

"అలాగైతే ఆ మాటే చెప్పి ఆ పేరే రాసుకోవలసింది. స్వామిని ఎందుకు పిలిచారు మధ్యలో?"

అడగడానికి దేవుడి దగ్గరికి వెళ్ళామా, ఒప్పించడానికి వెళ్ళామా అన్నది మనిషికి తనకు తానుగా ఎప్పుడైనా తెలుస్తుందో లేదో. శ్రీరామమూర్తి ఉప్మా తినకుండానే బస్సుకు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం పన్నెండు కాకముందే జాబితా చేరింది. పద్నాలుగో పేరు కూడా కొట్టివేత లేకుండా, చక్కటి అక్షరాలతో ఉంది.

"దేవుడి ముందు చీటీ వేశాను" అన్నాడు అమర్నాథ్‌తో.

"దేవునికి క్రికెట్ ఎప్పటిసంది వస్తది సార్?" అని మాత్రం అని అమర్నాథ్ వెళ్ళిపోయాడు. ఆ మాట జట్టంతా తిరిగింది.

సీజను మొదలైంది. విశాల్ కొత్త టోపీ పెట్టుకుని, షామియానా కింద బెంచీ చివర కూర్చుని సినిమా పత్రిక చదువుకునేవాడు. అతను ఆడవలసిన అవసరం రాలేదు. జట్టు గెలుస్తూనే ఉంది. సుబ్బలక్ష్మి వీసా మూడేళ్ళకు పొడిగించారు. అంతా సవ్యంగానే జరిగింది. చీటీ మంచిదే పలికిందని శ్రీరామమూర్తి ఒకటి రెండుసార్లు గట్టిగా నమ్మగలిగాడు కూడా.

నెలాఖరుకు మూడు రోజుల ముందు, గురువారం మధ్యాహ్నం దస్తగిరి ఫ్లాటుకు వచ్చాడు. ఎప్పుడూ గ్రౌండులో దుమ్ము కొట్టుకుని కనిపించే మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని గుమ్మం బయట చెప్పులు విడిచాడు.

"ఆదివారం ఫ్లైటు సార్. ఎల్లిపోతాండా. సెప్పిపోదామని వచ్చినా."

శ్రీరామమూర్తి గొంతు సవరించుకున్నాడు. "నన్ను తప్పుగా అనుకోకు దస్తగిరీ. నా ఇష్టం అయితే... స్వామి ముందు చీటీ వేశాను. ఆయన నిర్ణయం."

"ఇన్నా సార్. అమరన్న సెప్పినాడు. ఏ సామి సార్?"

"వేంకటేశ్వరస్వామి."

దస్తగిరి ముఖం విప్పారింది. "ఆయప్పేనా! ఆయప్ప మా అల్లుడు గదా సార్. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ. ఉగాది పండక్కి మా అమ్మ దేవుని కడపకు పొయ్యి టెంకాయ కొట్టందే ఇంట్లో పొయ్యి ముట్టిచ్చదు. అమరన్న మీ మింద ఏందేందో అంటాంటే నేనే గొడవ పడినా. సార్ అట్టాంటోడు గాదన్నా, సార్ దేవుని మనిషి అని." కాస్త ఆగి, "ఒకసారి సామిని సూసి పోవచ్చునా సార్?" అన్నాడు.

శ్రీరామమూర్తి కదలలేదు. సుబ్బలక్ష్మే వంటింట్లోకి దారి చూపించి, అలమర తలుపు తెరిచింది. దస్తగిరి చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి. చివరికి ఇటు తిరిగాడు.

"నెల నుంచి ఆలోసిస్తాండా సార్. దేవుడు నన్నెందుకు వద్దన్యాడు? నా తావ ఏదో తప్పుండాల గదా. రాత్రి తట్టింది." అతను గొంతు తగ్గించాడు. "శుక్రారం శుక్రారం గ్రౌండుకు వచ్చాంటి గదా, ఆ ఇంటోళ్ళ కార్లోనే వచ్చాంటి. వాళ్ళకు సెప్పకుండా. రెండేండ్లు. పెట్రోలు నా దుడ్డుతోనే పోసినా అనుకో. అయినా దొంగతనమే గదా సార్? అందుకేనంటారా?"

సుబ్బలక్ష్మి భర్త వైపు చూసింది. ఒక్క మాట చాలు. తల ముడి సంగతి, వత్తి సంగతి, మడత సంగతి. ఆ మాట చెప్పినంత మాత్రాన దస్తగిరికి వీసా రాదు. కానీ దేవుడే తనను వద్దన్నాడన్న బరువొకటి నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోబోతున్నాడు మనిషి. అది దింపవచ్చు.

శ్రీరామమూర్తి స్వామి వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ, "అయి ఉండొచ్చు" అన్నాడు.

దస్తగిరి పెద్దగా ఊపిరి వదిలాడు. "అదే అనుకుంటి సార్. ఇప్పుడు నిమ్మళం. ఈ పొద్దే పొయ్యి ఆ పెద్దకొడుకు కాళ్ళ మింద పడి ఒప్పేసుకుంటా. తప్పు కడుక్కోకుండా ఇంటికి పోగూడదు."

శ్రీరామమూర్తి ఉలిక్కిపడ్డాడు. "వద్దు! చెప్పకు. వాళ్ళు టికెట్టు ఆపేస్తారు. పోలీసులకి ఇచ్చినా ఇస్తారు. వెళ్ళిపోయేవాడివి, ఎందుకు నీకు?"

"అదేంది సార్, మీరే అట్టంటారు?" దస్తగిరి నవ్వాడు. "దేవుడు తప్పు సూపిచ్చినాక మూసిపెట్టుకుంటే ఎట్టా? మీరయితే మూసిపెట్టుకుంటారా?"

సుబ్బలక్ష్మి పటిక బెల్లం ముక్క అతని చేతిలో పెట్టింది. "బాబూ..." అంది. మిగతా మాట కోసం భర్త ముఖం చూసింది. అక్కడ ఆమెకు ఏ మాటా దొరకలేదు. ఫైలు, మూడేళ్ళు, ఈ రెండు గదులు, అన్నీ ఆమె పేరు మీదే వచ్చినవి. ఆమె కూడా ఊరుకుంది.

దస్తగిరి పటిక బెల్లం నోట్లో వేసుకుని, చెయ్యి కళ్ళకద్దుకుని, చెప్పులు తొడుక్కున్నాడు. "సల్లగా ఉండండి సార్" అని మెట్లు దిగాడు. ఆ ఇంటి వాళ్ళు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఒకచోట కూర్చుంటారట, అప్పటికల్లా చేరాలని గబగబా దిగుతున్నాడు. మూడో అంతస్తు నుంచి కింది దాకా ఆ అడుగులు వినిపించాయి.

శ్రీరామమూర్తి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పిలిస్తే వినబడే దూరంలోనే ఉన్నాడు దస్తగిరి. మొదటి అంతస్తులో కూడా వినబడుతుంది. వీధి తలుపు దగ్గర కూడా, గట్టిగా పిలిస్తే వినబడుతుంది.

వీధి తలుపు తెరుచుకుంది, మూసుకుంది.