హీలియం వచ్చిన రోజు

"ఆ అయస్కాంతం ఒక్కరోజు ఆగలేదా అమ్మాయ్?" అంది అత్తగారు, గిన్నెలు కడుగుతున్న కోడలితో.

ఆగదు. ప్రయోగశాలకు, వస్తువుల్ని అతి చలికి దించే ద్రవ హీలియం మూడు నెలలకోసారి వస్తుంది, రెండు రోజుల్లో ఆవిరైపోతుంది. నాలుగేళ్లుగా కొలిమి దగ్గర కాచుకుని ఆమె పెంచిన స్ఫటికం గుట్టు ఆ చలిలోనే తేలాలి. చల్లబరుస్తూ పోతే అందులోని ఎలక్ట్రాన్లు ముందు అయస్కాంతాల్లా బారులు తీరతాయి. ఇంకా చల్లబరిస్తే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. ఆ రెండూ వేర్వేరు ముక్కల్లో జరుగుతున్నాయి, నీ స్ఫటికం కల్తీ అన్నాడు ప్రొఫెసరు. ఒకే ఎలక్ట్రాన్ల కోసం రెండూ కొట్టుకుంటున్నాయని, ఒకటి లేస్తే రెండోది తగ్గితీరుతుందని ఆమె పట్టు.

మామగారి కంటి ఆపరేషన్ కూడా హీలియం వచ్చే రోజే పడింది.

"నాకు మీటింగుంది. నీకు జూనియరున్నాడుగా, మీట నొక్కడానికి నువ్వే ఉండాలా?" అన్నాడు భర్త.

ఏ చలి దగ్గర ఎంతసేపు ఆగాలో కాగితం మీద రాసి జూనియర్ చేతిలో పెట్టి, ఆమె ఆస్పత్రికి వెళ్లింది.

మధ్యాహ్నం ఫోన్. "మేడం! మీరన్నట్టే! కరెంటు అడ్డు లేకుండా పారడం మొదలైన చోటే అయస్కాంతత్వం జారిపోయింది!"

మామగారి చెప్పులు చేత్తో పట్టుకుని వరండాలో వెక్కి వెక్కి ఏడ్చింది. "ఎవరు పోయారమ్మా?" అని జాలిగా అడిగింది పక్క బెంచీ ఆవిడ.

పరిశోధన పేపరు అచ్చయింది. పైన జూనియర్ పేరు, ప్రొఫెసరు పేరు. ఆమె పేరు ఎక్కడో అడుగున, స్ఫటికం తయారీలో సాయపడినందుకు కృతజ్ఞతల్లో.

"కొలతలప్పుడు నువ్వు లేవు కదమ్మా" అన్నాడు ప్రొఫెసరు మెత్తగా. జూనియర్ తలెత్తలేదు. రాత్రి ఇంట్లో చెబితే, "నీ సంగతి మాకు తెలుసుగా, ఇంకెవరికి తెలియాలి?" అన్నాడు భర్త, కంచం ముందు కూర్చుంటూ.

వడ్డిస్తూనే ఆమె తన కోపం కోసం లోపలంతా వెతుక్కుంది. దొరకలేదు. ఇక పరుగులు పెట్టక్కర్లేదన్న తేలిక మాత్రం దొరికింది. అది చూసుకునే ఆమె హడలిపోయింది. నాలుగేళ్లు నిద్ర మానిన మనిషి ఎప్పుడు చచ్చిపోయిందో తనకే తెలియలేదు.

వారం తర్వాత ప్రొఫెసరు పిలిచాడు. "ఇంకో నాలుగు స్ఫటికాలు పెంచిపెట్టు. మనవాడు రెండో పేపరు మొదలెడుతున్నాడు. నీ చెయ్యి పడితే తప్ప అవి పెరగవు."

లైబ్రరీకి బదిలీ అర్జీ ఆయన బల్ల మీద పెట్టింది.

"ఏంటిది, చిన్నపిల్లలా?"

"కొలిమి ఆర్పేసి వచ్చాను సార్."

ఇంట్లో చెబితే అత్తగారు తల నిమిరింది. "ఇన్నాళ్లకు దారికొచ్చావు తల్లీ."

ఆ సాయంత్రం, పెళ్లయిన పన్నెండేళ్లలో మొదటిసారి, భర్త టీ పెట్టి తెచ్చి ఆమె చేతికిచ్చాడు.