కొత్తలో అంతే

దుబాయ్ నుంచి వచ్చే మొగుళ్ళు టేపు రికార్డర్లు తెస్తారు, సెంటు సీసాలు తెస్తారు. మా ఆయన మస్తాన్ గాలిపటం తెచ్చాడు.

పిల్లలు ఎగరేసే పటం కాదది. విప్పి పరిస్తే మా వసారా నిండిపోయి ఇంకా మిగిలింది. అంచున గాలి కొట్టుకునే గొట్టం, కింద పొడుగాటి దారాలు, వాటి చివర రెండు చేతులతో పట్టుకోవడానికి ఒక కడ్డీ. కాళ్ళ కింద పెట్టుకోవడానికి ఒక పలక. ఆయన పనిచేసే చోట దొరలు సముద్రం ఒడ్డున ఇట్లాంటిది ఎగరేసి, అది లాగుతుంటే నీళ్ళ మీద జారుతూ పోతారట. ఒకచోట చిరిగిందని వాళ్ళు పారేస్తే, ఈయన అతుకు వేసి పెట్టెలో పెట్టుకొచ్చాడు.

ఇంక దుబాయ్ పోనన్నాడు. అనంతసాగరం పక్కనే సోమశిల రిజర్వాయరు ఉండగా, ఆషాఢంలో మనుషుల్ని తోసేసే పడమటి గాలి ఉండగా, ఇక్కడే ఈ విద్య నేర్పి బతుకుతానన్నాడు. నెల్లూరులో హోటలున్న జనార్దనయ్య నీళ్ళ ఒడ్డున గదులు కట్టాలని చూస్తున్నాడు. ఈయన పోయి అడిగితే, ఈ ఊరి మనిషి ఒక్కరికి నేర్పి చూపించు, అప్పుడు నిన్ను పనిలో పెట్టుకుంటానన్నాడట. ఒక ఆదివారం వచ్చి చూస్తానని మాటిచ్చాడు. ఆ తర్వాతి శుక్రవారమే ఈయన తిరుగు విమానం, మద్రాసు నుంచి. నా మొగుడు ఇంట్లో ఉంటాడా, మళ్ళీ పోతాడా అన్నది ఆ ఆదివారం మీద ఆధారపడింది.

నాకు తొమ్మిదేళ్ళుగా మొగుడంటే రెండేళ్ళకోసారి వచ్చే రెండు నెలలు. గొర్రెల్ని నేనే తోలుకుపోతాను. అత్తకు జ్వరమొస్తే ఆత్మకూరు ఆస్పత్రికి నేనే తీసుకుపోతాను. ఇంటి మీద రేకు లేచిపోతే నేనే ఎక్కి రాయి పెడతాను. అలసిపోయానని ఎవరికైనా చెబుదామంటే, దుబాయ్ మొగుడుండగా నీకేం తక్కువ అంటారు. పొద్దున్నే లేచేసరికే నాకు సాయంత్రమైనట్టుండేది.

మొదట ఊళ్ళో మగవాళ్ళు మేమంటే మేమని ఎగబడ్డారు. వచ్చిన రోజే నీళ్ళ మీద జారిపోతామనుకున్నారు. ఈయన వాళ్ళను నీళ్ళ దరికే రానీయలేదు. ఇసకలో నిలబెట్టి, చేతికి చిన్న పటం ఇచ్చి, గాలి ఎటు నుంచి వస్తోందో కళ్ళు మూసుకుని చెప్పమన్నాడు. కామయ్యకు మధ్యాహ్నానికే విసుగు పుట్టింది. చెంచయ్య నన్ను చూడండిరా అంటూ పెద్ద పటం అందుకున్నాడు, అది అతన్ని బురదలో బోర్లా ఈడ్చుకుపోయింది. మూతి తుడుచుకుని, ఇంటికాడ పనుందని వెళ్ళినవాడు మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు.

ఇక ఎవరూ లేరని ఆయన తల పట్టుకుంటే నేను నేర్చుకుంటానన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆయన ప్యాంటూ చొక్కా నేను తొడుక్కుని, నడుముకు బెల్టు బిగించుకుని బయల్దేరితే మా అత్త ఆదిశేషమ్మ గడపలో అడ్డం నిలబడింది. "నేల ఇడిచి సామంటే ఇదేనే. ఇద్దరికీ గాలి సోకుండాది" అంది. అని ఊరుకోకుండా, గొడుగు పట్టుకుని మా వెనకే వచ్చి గట్టున కూర్చుంది. కోడలు పడితే చూడాలని కొంత, పడకూడదని కొంత.

నేర్చుకోవడమంటే ఏమిటో చెబుతాను. మొదట ఇసకలో మెడ పట్టేసేదాకా ఆకాశం వైపు చూడాలి. పటం నెత్తి మీద నిటారుగా ఉన్నంతసేపూ సాధువు. కాస్త కిందికి వాలిందో, మనల్ని పట్టుకుని లాగేస్తుంది. చేతులతో లాగకు, నడుముతో కూర్చో అంటాడాయన. నాకేమో బతుకంతా చేతులతో లాగడమే అలవాటు. తర్వాత పలక లేకుండా ఒట్టి ఒంటితో నీళ్ళలో లాగించుకోవాలి. ఆ వారంలో నేను తాగిన నీళ్ళకు సోమశిలలో మట్టం తగ్గి ఉంటుంది. రాత్రి జడ వేసుకోవడానికి చేతులు లేచేవి కావు. పడిన ప్రతిసారీ ఆయన ఒకటే మాట, కొత్తలో అంతే. ఆ మాట వింటే పలక తీసి నెత్తిన మొత్తాలనిపించేది.

అన్నిటికన్నా కష్టమైంది వదలడం. గాలి మితిమీరితే చేతిలో కడ్డీ వదిలెయ్యాలి. వదిలితే పటం చచ్చి కింద పడుతుంది, మనిషి బతుకుతుంది. అదే మొదటి పాఠం. నాకు ఎక్కనిది అదే. మా నాయన గోవిందయ్యకు ఎద్దులుండేవి. పలుపు చేతికిచ్చేటప్పుడు మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకోమనేవాడు. వదిలితే ఎద్దు పక్కవాడి చేలో పడుతుంది, తగువు మన గడపలోకి వస్తుందనేవాడు. గాలి గుంజగానే నా చెయ్యి దానంతటదే కడ్డీకున్న తాడును చుట్టేసుకునేది. ఆయన పరుగెత్తుకొచ్చి చుట్టు విప్పేవాడు. ఇది ఎద్దు కాదే, దీనికి అలుపు రాదు అనేవాడు.

శనివారం నాడు లేచి నిలబడ్డాను. పలక కింద నీళ్ళు సర్రున జరిగాయి. నా ఒంటి బరువును పైనుంచి ఎవరో అందుకున్నట్టయింది. కాసేపే, తర్వాత మామూలుగా మునిగాను. కానీ ఏడుపొచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా బరువు ఇంకొకరు మోసింది ఆ కాసేపే.

ఆదివారం జనార్దనయ్య కారులో వచ్చాడు. ఆడమనిషా అన్నాడు గానీ, చూద్దామని నిలబడ్డాడు. గాలి పొద్దుటినుంచే తిక్కగా ఉంది, కాసేపు ఆగి కాసేపు విసురుతోంది. మా ఆయన ఇంకొంచెం ఆగుదామన్నాడు. జనార్దనయ్య గడియారం చూసుకున్నాడు. నేను నీళ్ళలోకి దిగాను.

లేచాను. నిలబడ్డాను. గట్టున మా అత్త గొడుగు మూసి లేచి నిలబడడం కనిపించింది. జనార్దనయ్య ఎవరితోనో నవ్వుతూ ఏదో అంటున్నాడు. అయిపోయింది, ఇంక ఈయన ఎక్కడికీ పోడు అనుకున్నాను.

అప్పుడు కొండ సందులోంచి గాలి విసిరింది. పటం ఒక్కసారిగా వాలి నన్ను ఒడ్డు వైపు ఈడ్చింది. వదిలెయ్, వదిలెయ్ అని ఆయన అరుస్తూ నీళ్ళలో పరుగెత్తుతున్నాడు. వదిలితే నాకేం కాదు. కానీ ఎదురుగా ఒడ్డంతా సర్కారు తుమ్మ, జానెడేసి ముళ్ళు. పటం పోయి అందులో పడితే పేలికలే. ఉన్నదొక్కటే పటం.

చెయ్యి తాడును చుట్టేసుకుంది. పటం నన్ను నీళ్ళలోంచి రాళ్ళ మీదికి ఈడ్చుకుపోయింది. మణికట్టులో పుల్ల విరిగినట్టు చప్పుడైంది. తుమ్మల ముందు పటం నేలను తాకగానే ఆయన నన్ను దాటిపోయి దాని మీద పడుకుని అణిచాడు. పటానికి చిన్న చిరుగు కూడా పడలేదు.

ఆయన వచ్చి నా చేతికున్న చుట్టు విప్పాడు. "వదలమంటే వదలవేందే? తల రాయికి తగిలుంటే ఏం గావాల?"

"తొమ్మిదేండ్లు వదిలే ఉండాను గద మామా. ఈసారి చెయ్యి వదల్లా."

ఆయన నన్ను లేపి గట్టుకు నడిపించాడు.

జనార్దనయ్య మంచివాడే. ఆత్మకూరు ఆస్పత్రిదాకా తన కారులోనే తీసుకుపోయాడు. చేతికి పిండికట్టు వేశాక, ఇది మనకొద్దులే మస్తానూ, రేపు ఎవరికన్నా ఏదన్నా అయితే తట్టుకోలేం అని చెప్పి వెళ్ళిపోయాడు. పటం మడిచి అటక మీద పెట్టాం. గురువారం సాయంత్రం మా అత్త కొడుకు పెట్టెలో పచ్చడి సీసా సర్దింది.

శుక్రవారం పొద్దున ఆయన తలదువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సుకోసం అరుగు మీద కూర్చున్నాడు. నేను ఎడమ చేత్తో దువ్వెన పట్టుకుని నా జుట్టుతో కుస్తీ పడుతున్నాను. ఆయన కాసేపు చూసి, ఇటు రా అన్నాడు. మెట్టు మీద కూర్చుంటే వెనక కూర్చుని చిక్కు తీయడం మొదలుపెట్టాడు. మూడు పాయలు చేశాడు. ఏ పాయ ఎటు పోవాలో ఆయనకు తెలియలేదు.

బస్సు మలుపులో హారను కొట్టింది. ఆయన చేతులు ఆగాయి. వెళ్ళమని గానీ ఆగమని గానీ నేను అనలేదు, అనే ఓపిక లేదు. బస్సు మా ఇంటి ముందర ఆగింది. కండక్టరు పెట్టె వైపు చూసి, వస్తుండావా లేదా అన్నాడు. ఆయన నా జడ పట్టుకునే తల అడ్డంగా ఊపాడు. బస్సు పోయింది. మా అత్త లోపలినుంచి వచ్చి పెట్టె లోపలికి తీసుకుపోయింది.

ఆయన ఒకటికి రెండుసార్లు అల్లాడు. చెయ్యి తియ్యగానే జడ మొత్తం విడిపోయింది.

"నాకు గొర్రెలు తోలేది రాదు, సేద్యం రాదు. ఇది గూడా రాలా" అన్నాడు.

"కొత్తలో అంతే మామా" అన్నాను. "మళ్ళా ఇప్పి అల్లు."