గవాక్షకలహము

హేమంతము కడముట్టుచుండ గోదావరీసైకతముల నొరసికొనుచు వచ్చిన శీతలానిలములు పట్టణవీథులయందు యథేచ్ఛముగ విహరించుచుండెను. తుషారయవనికాంతరితుడైన బాలభాస్కరుడు స్త్రీల వైద్యశాలయందలి ప్రసూతిశాలపై పాండురమైన వెలుగును మందమందముగ జిమ్ముచుండెను. ఆ శాలకు తూర్పున గల గవాక్షములన్నియు దృఢముగ మూయబడియుండుటచే లోపల ఔషధగంధమును రోగిణుల నిశ్వాసములును కలసి కదలక మెదలక నిలిచియుండెను.

వానిని మూసినది హనుమాయమ్మ. ఆమె కూతురు కనకవల్లి ముందునాటి సాయంకాలమున ఆడుశిశువును గనెను. కనకవల్లికి అంతకుముందు పుట్టిన మగబిడ్డ పురిటింటనే చలిగాలి సోకి పెదవులు నీలివాఱి హనుమాయమ్మ యొడిలోనే కన్నుమూసెను. నాటినుండియు నామెకు గాలి యమదూతయై తోచుచుండెను.

ప్రక్కమంచముపై సలోమియను బాలికాపాఠశాలోపాధ్యాయిని యుండెను. వేఱొక శాలకు సున్నము వేయుచుండుటచే ఉబ్బసవ్యాధిపీడితయైన యామెను వైద్యులు ఇచటికి దెచ్చియుంచిరి. లోతునూతినుండి నీరు చేదుకొనునట్లు ఒక్కొక్క యూపిరిని చేదుకొనుచు ఆమె పలికెను.

"పిన్నిగారూ, ఒక్క రెక్క తెరవండమ్మా. గాలందడం లేదు."

"నీకు దుప్పటి కప్పుకునే ఓపికుందమ్మా. ఈ పసిగుడ్డుకేముంది? ఒక పిల్లాణ్ణి గాలికే పోగొట్టుకున్నాం."

మాఱుపలుకుటకు వలసిన యూపిరియు సలోమికి కఱవయ్యెను. నర్సు వచ్చి కిటికీ తెఱచెను; ఆమె వీపు తిరుగగానే హనుమాయమ్మ మఱల మూసెను. తక్కిన బాలింతలలో కొందఱు చలియనియు కొందఱు ఉక్కయనియు వాదులాడిరి. కనకవల్లి సిగ్గుచే గోడవైపు మొగము త్రిప్పుకొని "ఊరుకోవే అమ్మా" యని గొణిగెను. ఆ మాట తల్లి చెవికెక్కలేదు.

అంతటితో నిలువక హనుమాయమ్మ పెరటి వంటపాకనుండి కుంపటితో నిప్పులు దెచ్చి, శిశువునకు వెచ్చదనము కలుగునని సాంబ్రాణి చల్లెను. ధూమము పైకెగసి దారిగానక క్రిందికి దిగి మంచములనెల్ల గ్రమ్మెను. సలోమి దగ్గెను. ఆ దగ్గు నడుమనే తెగిపోయెను. ఆమె మంచము దిగి గోడ పట్టుకొని రెండడుగులు నడచి గవాక్షముక్రింద కూలబడి చేయి పైకెత్తెను.

ఆ చేతికిని గడియకును నడుమ హనుమాయమ్మ నిలిచియుండెను. త్రోసివేయుదునా తొలగుదునా యని తల్లడిల్లుచు ఆమె క్రిందికి జూచెను. సలోమి పెదవులు నీలివాఱియుండెను. ఆ నీలిమ హనుమాయమ్మ యెఱుగనిది కాదు. దానిని ఆమె యొకపరి తన యొడిలోనే చూచియుండెను.

"అయ్యో తల్లీ!" యని ఆమె గడియ లాగి రెక్కలు రెండును బార్లదెఱచెను. హిమశీతలమగు గాలి యొక్కపెట్టున లోనికి జొఱబడెను.

"అమ్మా! పాప!" యని కనకవల్లి కెవ్వున నఱచెను.

నర్సును డాక్టరమ్మయు పరుగెత్తివచ్చి సలోమికి సూదిమందిచ్చిరి. హనుమాయమ్మ కుంపటిని వెలుపలికి ద్రోసి శిశువును ఱొమ్మున కదుముకొని నిలిచెను. కొంతసేపటికి సలోమి ఱొమ్ము మెల్లమెల్లగ నెగసిపడసాగెను. డాక్టరమ్మ హనుమాయమ్మను, సలోమిని జూచి "బాలింత మంచం ఆ మూలకి జరపచ్చుగా? అడిగితే నేనే జరిపించేదాన్ని కదమ్మా" యనెను. కలహించుటయందలి తమకమున ఆ యూహ యెవ్వరికిని తోపకపోయెను.

మంచము మూలకు జరిగెను. గవాక్షము తెఱచియే యుండెను. అయినను హనుమాయమ్మకు గాలిపై నమ్మకము కలుగలేదు. తన భయమును తానే మోయవలెను గాని పరుల యూపిరిపై మోపరాదని మాత్రము ఆమె యెఱిగెను. కావున నామె గవాక్షమునకు వీపొగ్గి పైటకొంగును ఇరుచేతుల విప్పార్చి, వెనుకనుండి చలి యెముకలు కొఱుకుచుండ, నిద్రించు మనుమరాలికి గోడయై పొద్దెక్కువఱకును కదలక కూర్చుండెను.