తుప్పు పట్టిన గడియ

అత్తగారి ఆయాసానికి సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెప్పాక, సముద్రం ఒడ్డున ఉన్న ఓ ఊళ్లో అద్దె ఇల్లు చూడ్డానికి కొడుకూ, కోడలూ, ఆవిడా ముగ్గురూ వచ్చారు. కోడలికి మాత్రం బొత్తిగా ఇష్టం లేదు. ఉప్పుగాలికి కిటికీ ఊచలు కూడా పొరలు పొరలుగా రాలుతున్నాయి.

"ఇక్కడ మనుషులెలా ఉంటారండీ?" అని ఆమె భర్తతో గొడవ పడుతుండగానే, అత్తగారు స్నానాలగదిలోంచి తలుపు బాదింది. లోపలి గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఆవిడ పీల్చుకునే మందు కోడలి సంచిలో ఉంది.

"అత్తయ్యా, మాట్లాడండి!" అని కోడలు అరిచింది. జవాబు లేదు. భర్త భుజంతో ఎంత గుద్దినా తలుపు కదల్లేదు. చివరికి ఇంటి యజమాని గునపం తెచ్చి గడియ ఊడబెరికాడు.

లోపల అత్తగారు బకెట్టు బోర్లించుకుని, కిటికీ దగ్గర తీరిగ్గా కూర్చుని ఉంది.

"పిలిస్తే పలకరేం? మాకు పైప్రాణాలు పైనే పోయాయి!"

"మీరంతా గోల చేస్తుంటే మళ్లీ నేనెందుకని ఊరుకున్నానే అమ్మాయ్. ఇక్కడ ఊపిరి ఎంత హాయిగా ఆడుతోందో!"

కోడలు అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని ఇంటి యజమాని వైపు తిరిగింది.

"గడియలన్నీ మార్పించండి. వచ్చే నెల దిగుతాం."